మాంటిస్సోరి: పసిబిడ్డను చదివిన డాక్టరమ్మ

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో పుట్టారు. 1896లో రోమ్‌లో వైద్య పట్టా అందుకున్నారు. 1898లో కొడుకు మారియో పుట్టాడు. పెళ్లి కాకుండా తల్లి కావడంతో, లోకానికి వెరచి, బిడ్డను పల్లెలో వేరేవాళ్ల దగ్గర పెంచాల్సి వచ్చింది.

సొంత బిడ్డ ఎదుగుదలను దగ్గరుండి చూడలేకపోయిన ఆమే, 1907లో రోమ్‌లోని శాన్ లోరెంజో అనే పేదల పేటలో పసిపిల్లల కోసం ఒక బడి తెరిచారు. మొక్కలను, పెంపుడు జంతువులను పిల్లలే చూసుకోవాలన్నారు. గుడ్డు పొదిగి పిల్ల అయ్యేదాకా ఎదురుచూసిన చిన్నారికి ఓర్పు, జాలి వాటంతటవే అలవడతాయని ఆమె నమ్మకం.

1939లో కొడుకుతో కలిసి మద్రాసులోని అడయారుకు వచ్చారు. యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి, ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. 1949లో మద్రాసులో అచ్చయిన 'ది అబ్సార్బెంట్ మైండ్' పుస్తకంలో జంతువుల పిల్లలకూ మనిషి బిడ్డకూ ఉన్న తేడాను వివరించారు. దూడ పుట్టిన కాసేపటికే లేచి నిలబడుతుంది. మన బిడ్డ నడవడానికి ఏడాది పడుతుంది. మాటలు చుట్టూ ఉన్నవాళ్ల నుంచే నేర్చుకోవాలి. ఆ ఆలస్యం లోపం కాదు, నేర్చుకోవడానికి దొరికిన సమయం.

1952 మే 6న నెదర్లాండ్స్‌లో ఆమె కన్నుమూశారు. మారియో ఆ పనిని కొనసాగించారు.

ఈ నెల నర్సరీలో 'ఆవు–దూడ, కోడి–కోడిపిల్ల' పాఠం. వీలైతే మీ చిన్నారికి నిజమైన దూడను చూపించండి. ఇంటికొచ్చాక తన పసితనపు ఫొటో చేతికివ్వండి. ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి.