వీరమాత రుద్రమదేవి

పావగడ తాలూకాలోని మా అరసికెరె పేరు కన్నడపు పేరు. అరసి అంటే రాణి, కెరె అంటే చెరువు. ఆ రాణిచెరువు ప్రాంతాన, ఇంట్లో తెలుగూ కచేరీలో కన్నడమూ మాట్లాడుకుంటూ పెరిగి, పొట్ట చేతబట్టుకుని పట్టణాలకు వలస వచ్చినవాళ్ళము మేము. ఏటేటా ఉగాదినాడు నలుగురమూ ఒకచోట చేరి పచ్చడి పంచుకుంటున్నాము. ఈ యేటి సంచికలో ఒక రాణిని స్మరించుకోవాలని తలచినప్పుడు మాకు మొట్టమొదట తోచిన పేరు కాకతి రుద్రమదేవి. కత్తిపట్టి రాజ్యమేలిన స్త్రీగా ఆమెను ఎరుగనివారు లేరు. ముగ్గురు బిడ్డల తల్లిగా, మనుమడిని పెంచి పెద్దచేసిన అమ్మమ్మగా ఎరిగినవారు మాత్రం కొద్దిమందే.

రుద్రమ తండ్రి గణపతిదేవ చక్రవర్తి 1199లో సింహాసనమెక్కి అరువదియేండ్లకు పైగా ఓరుగల్లు నేలినవాడు. మోటుపల్లి రేవుకు వచ్చే పరదేశి వర్తకులకు అభయశాసనం వేయించిన దొడ్డప్రభువు. ఇంతటివానికి కొడుకులు లేరు, ఇద్దరు కూతుళ్ళు. గణపాంబను ధరణికోట నేలే కోట వంశపు బేతరాజు కిచ్చాడు. రుద్రమను నిడదవోలు చాళుక్య రాకుమారుడు వీరభద్రుని కిచ్చాడు. అంతటితో ఊరుకోక, రుద్రమను తన తరువాత రాజ్యానికి వారసురాలిని చేశాడు. ఆమెకు రుద్రదేవ మహారాజు అన్న మగపేరు పెట్టి తనతోపాటు కొలువుకూటంలో కూర్చుండబెట్టాడు. ఎన్నో శాసనాలలో ఆమె ఆ పేరుతోనే కనిపిస్తుంది. ఆడుదాని ఆజ్ఞకు తలవంచడం చిన్నతనమనుకునే సామంతులమధ్య తండ్రికి తోచిన ఉపాయం అది. ఆ మగపేరు బరువును ఆమె జీవితాంతం మోసింది.

తండ్రీకూతుళ్ళు కలిసి పాలించిన నాటి పని ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1261 నాటి మల్కాపురం శాసనం గుంటూరు సీమలోనిది. గోళకీ మఠాచార్యుడు విశ్వేశ్వర శంభువుకు గణపతిదేవుడు మందడం గ్రామాన్నీ, రుద్రమ వెలగపూడి గ్రామాన్నీ దానమిచ్చారని అందులో ఉన్నది. ఆ వూళ్ళ రాబడితో గుడి, మఠం, చదువుకునే పిల్లల భోజనం జరగడమే కాక, ఒక ఆరోగ్యశాల, ఒక ప్రసూతిశాల కూడ నడిచేటట్టు ఏర్పాటు చేశారు. ఏడువందల అరువదియేండ్ల క్రిందట పురుడుపోసుకునే తల్లులకోసం రాచసొమ్ము కేటాయించిన శాసనమది. ఆ వెలగపూడిలోనే నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది. అక్కడికి పనులమీద వెళ్ళివచ్చేవారు ఈ మాట గుర్తుంచుకోవాలని మా కోరిక.

తరువాత కష్టకాలం వచ్చింది. 1263 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ముత్తుకూరు యుద్ధంలో పాండ్యులచేత కాకతీయసేన ఓడింది. దక్షిణాన పట్టు సడలింది. వృద్ధుడైన గణపతిదేవుడు రాజ్యభారం కూతురికి వదిలాడు. ఇదే అదనని పడమట దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. ఈ యుద్ధం సంగతి ఇరుపక్షాలవారూ తమకు అనుకూలంగానే చెప్పుకున్నారు. స్త్రీ అన్న జాలితో మహాదేవుడు రుద్రమను విడిచిపెట్టాడని యాదవుల కొలువులోని హేమాద్రి వ్రాశాడు. రుద్రమ శత్రువును దేవగిరిదాకా తరిమి కోటిధనం కప్పంగా తెచ్చిందని మన ప్రతాపచరిత్ర అంటుంది. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చడానికి రాళ్ళే సాక్షి. ఇప్పటి కర్ణాటకంలోని బీదరు కోటలో దొరికిన శాసనపు ముక్కలో, రుద్రమ సామంతుడైన సింద వంశపు భైరవుని పేరు ఉన్నది. ఆమె అధికారం బీదరుదాకా సాగిందనడానికి ఇదే ఆధారం. జాలిపడి విడిచిపెట్టినవారి గడ్డమీద విడుదలైనవారి శాసనం వెలియదుగదా!

రాయగజకేసరి అన్న బిరుదు ఆమెకు చెల్లింది. ఓరుగల్లులో స్వయంభూదేవుని గుడికి ఆమె కట్టించిన రంగమండపంలో, సింహమెక్కి కత్తీ డాలూ పట్టిన స్త్రీ బొమ్మ చెక్కించింది. మగపేరుతో శాసనాలు వేయించిన రాణి, శిలమీద మాత్రం స్త్రీగానే నిలవడం మా మనసుకు ఎంతో హత్తుకున్నది. తండ్రి ఆరంభించిన రాతికోటను ఆమె పూర్తిచేసి, గోడ ఎత్తు పెంచింది. దాని చుట్టూ మట్టికోట, అగడ్త ఏర్పడ్డాయి. రేచెర్ల ప్రసాదిత్యుడు, గోన గన్నారెడ్డి, కాయస్థ జన్నిగదేవుడు ఆమెకు అండగా నిలిచినవారు. గన్నారెడ్డిని మనలో చాలమంది అడివి బాపిరాజుగారి నవలద్వారానే ఎరుగుదుము. కులం చూడక కత్తిసత్తువను బట్టి నాయకులను ఎన్నుకునే పద్ధతి ఆమెనాటినుంచే బలపడిందని చరిత్రకారులు చెబుతున్నారు.

ఇక తల్లిగా ఆమె కథ. రుద్రమకూ కొడుకులు లేరు. ముమ్మడమ్మ, రుద్రమ్మ, రుయ్యమ్మ అని ముగ్గురు కూతుళ్ళు. పెద్దమ్మాయి ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుని ఆమె దత్తుచేసుకుని, తన చేతులమీదుగా పెంచింది. విద్యలూ, యుద్ధమూ, రాచకార్యమూ దగ్గరుండి నేర్పించింది. తాను ఏ నియమాన్ని దాటి సింహాసనమెక్కిందో ఆ నియమాన్నే తిరిగి నిలబెట్టి, కూతురిని కాదని కూతురి కొడుకుకు రాజ్య మివ్వవలసిరావడం ఆమె హృదయాన్ని కలచలేదా అని మేము అడుగుకున్నాము. శాసనాలు రాజులు గెలిచిన వూళ్ళను చెబుతాయి. తల్లుల మనసులను చెప్పవు.

ఆమె చివరి శత్రువు ఇంటివాడే. కాయస్థ జన్నిగదేవుని తమ్ముడు అంబదేవుడు వల్లూరు పట్టణం రాజధానిగా కడపసీమ నేలుతూ ఎదురుతిరిగాడు. పాండ్యులతోను, యాదవులతోను చెలిమి చేసుకున్నాడు. తెల్లబడిన తలతో రుద్రమ మళ్ళీ రణరంగానికి నడిచింది. నల్లగొండ సీమలోని చందుపట్లలో దొరికిన 1289 నవంబరు నాటి శాసనం, రుద్రమదేవీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరినట్టు చెబుతున్నది. వారి పుణ్యంకోసం పువ్వుల ముమ్మడి అనే బంటు సోమనాథదేవునికి భూమి దానం చేశాడు. ఈ శాసనం వెలుగులోకి రాకమునుపు, ఆమె 1295 దాకా బ్రతికిందనుకునేవారు. రాణీ సేనానీ ఒక్కసారే కన్నుమూశారన్నందున, అంబదేవునితో పోరులోనే ఆమె పడిపోయి ఉండాలని పండితుల తలపు.

మరునాటి కథ ఆమె పెంపకానికి గీటురాయి. అమ్మమ్మ పోయిన వెంటనే రాజ్యం చీలిపోలేదు. ప్రతాపరుద్రుడు 1291లో అంబదేవునిమీదికి సేనలను త్రిపురాంతకం పంపాడు. ఆ సేనలను నడిపినవారిలో ఒకడు ఇందులూరి అన్నయ, రుద్రమ చిన్నల్లుడు. మనుమడూ అల్లుడూ కలిసి ఆమె వదిలిన పనిని ముగించారు. 1323లో ఢిల్లీసేనల చేతికి చిక్కేదాకా ప్రతాపరుద్రుడు ఓరుగల్లు నేలాడు.

కొన్నియేండ్లకు ఈ తీరానికి వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కో పోలో, మోటుపల్లి రాజ్యాన్ని ఒక వివేకవంతురాలైన రాణి నలుబదియేండ్లు న్యాయంగా ఏలిందని విని వ్రాసుకున్నాడు. ఆమెను చనిపోయిన రాజు కూతురనక, భార్య అని పొరబడ్డాడు. వరుస తప్పినా, ఆమె పాలనలోని ధర్మం మాత్రం పరదేశి చెవిదాకా చేరింది.

మనలో ఎందరో తల్లులు పట్నంలో కూలికీ మిల్లుకూ వెళుతూ, బిడ్డలను వూళ్ళో అమ్మమ్మల ఒడిలో వదిలి వచ్చారు. నెలకోసారి బస్సెక్కి చూచివచ్చి, తిరుగుదారిలో కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు వారు. ఆ బిడ్డలను పెంచుతున్న అమ్మమ్మలకు కోటలు లేవు, బిరుదులు లేవు. చేసేది మాత్రం రుద్రమ చేసిన పనే. ఈ ఉగాదినాడు వూరికి వెళ్ళినవారు ఆ పెద్దదిక్కు పాదాలకు మొదట మ్రొక్కవలెనని మా మనవి. సర్వేజనాః సుఖినోభవంతు.