నిర్ణయానికి ముందు భీం ఏం చూశాడు?



కుమ్రం భీం అనగానే తుపాకీ పట్టిన వీరుడు మన కళ్ల ముందు మెదులుతాడు. ఆ వీరుడు ఒక నిర్ణయానికి ఎలా వచ్చేవాడో మాత్రం మనం తక్కువగా చెప్పుకుంటాం. ఈ వర్ధంతి సంచికలో అదే చెప్పుకుందాం.

భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గరి సంకెపల్లిలో గోండు కుటుంబంలో పుట్టాడు. బడికి పోలేదు. యువకుడిగా ఉన్నప్పుడు పంట కోసం జరిగిన గొడవలో సిద్దిఖ్ అనే ఆసామి అతని చేతిలో చనిపోయాడు. అది ఆవేశంలో పడిన దెబ్బ. దాంతో ఊరు విడవాల్సి వచ్చింది.

చాందా వైపు వెళ్లి అక్కడ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కొన్నేళ్లు కూలి చేశాడు. అక్కడి కూలీల బతుకు చూశాక, మన గూడేల బాధ ఒక్క ఆసామితో, ఒక్క జంగ్లాత్ జవానుతో వచ్చింది కాదని అర్థమైంది. మన్యంలో అల్లూరి పోరాటం గురించీ విన్నాడు.

తిరిగొచ్చిన భీం వెంటనే ఆయుధం పట్టలేదు. భూమి కోసం అర్జీలు పెట్టాడు. హైదరాబాద్ దాకా వెళ్లి మొర పెట్టుకున్నాడు. ఫలితం లేకపోయాకే జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేలను కూడగట్టాడు. సర్కారు పట్టాలిస్తామన్నా ఒప్పుకోలేదు. రేపు ఇంకో అధికారి వస్తే ఆ పట్టా నిలుస్తుందా? అందుకే పన్నెండు గూడేలకూ స్వపాలన కావాలన్నాడు. ఆ నిర్ణయానికి 1940లో జోడేఘాట్‌లో తన ప్రాణం, తోటివారి ప్రాణాలు మూల్యంగా చెల్లించాడు.

ఆ తర్వాతే నిజాం సర్కారు గోండుల కష్టాలు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన గూడేల్లో ఉండి, మన భాష నేర్చుకుని, మన బాధలు రాశాడు. కాల్పులకు ముందే చూడాల్సింది సర్కారు కాల్పుల తర్వాత చూసింది. భీం మాత్రం ముందే చూశాడు.

నేడు పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం మన గ్రామసభకు మాట్లాడే హక్కునిచ్చాయి. రేపు ఆ సభలో తీర్మానం చేసేది మీరే. చెయ్యెత్తే ముందు పక్క గూడెం పరిస్థితి చూడండి, కాగితం పూర్తిగా చదవండి, మాట్లాడని ఆడవాళ్లను, ముసలివాళ్లను అడగండి. ఒక్క ఇంటికి మేలా, అన్ని ఇళ్లకూ మేలా అని లెక్క వేయండి. భీంకు మనం ఇచ్చే నివాళి అదే.

జై సేవా!