ఫుట్‌బాల్ గురువు రహీం

భారతదేశ క్రీడాచరిత్రలో ఫుట్‌బాల్‌కు ఒక స్వర్ణయుగం ఉంది. 1951 నుండి 1962 వరకు సాగిన ఆ కాలంలో మన జట్టు ఆసియా క్రీడల్లో రెండు పర్యాయాలు స్వర్ణపతకం సాధించింది. ఒలింపిక్ క్రీడల్లో నాలుగవ స్థానం పొందింది. ఆ విజయాల వెనుక నిలిచినవారు హైదరాబాదుకు చెందిన ఒక ఉపాధ్యాయుడు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులకు ఆయన రహీం సాబ్.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అది నిజాం పాలనాకాలం. కరీంనగర్, ఆదిలాబాద్ వంటి జిల్లాల యువకులు ఉన్నత విద్య కోసం రాజధానికి వచ్చి, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరేవారు. రహీం కూడా అక్కడే చదివారు. విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆడి మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకొన్నారు. పట్టభద్రులైనవారు వకీళ్లుగానో, సర్కారు ఉద్యోగులుగానో స్థిరపడాలని కోరుకొనే ఆ రోజుల్లో ఆయన ఉపాధ్యాయవృత్తిని ఎన్నుకొన్నారు. కాచిగూడ మిడిల్ స్కూలు మొదలైన పాఠశాలల్లో బోధించారు. తరువాత వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, విద్యార్థుల ఆటల బాధ్యతను కూడా స్వీకరించారు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయిన రహీం మరణించేవరకు ఆ బాధ్యతను నిర్వహించారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణను చేపట్టారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచి దేశాన్ని ఆశ్చర్యపరచింది.

రహీం శిక్షణ పద్ధతి విలక్షణమైనది. బంతి దొరికితే ఒంటరిగా ముందుకు తీసుకుపోవడమే గొప్ప అని ఆటగాళ్లు భావించే కాలమది. ఆ అలవాటును మాన్పించడానికి ఆయన, బంతిని వెంటనే తోటివారికి అందించవలసిన పోటీలను ఏర్పాటు చేశారు. రెండు కాళ్లకూ సమానమైన నేర్పు రావడానికి, వాడుక లేని కాలితోనే బంతిని తన్నవలసిన పోటీలు నడిపారు. పేద ఆటగాళ్లను ఆదరించారు. సికింద్రాబాదు నుండి శిక్షణకు రావడానికి సైకిలు అద్దె చెల్లించలేని తులసీదాస్ బలరాంకు ఆ డబ్బు తానే ఇచ్చి రప్పించుకొన్నారు. ఆ బలరాం భారతదేశపు మేటి ఆటగాళ్లలో ఒకడయ్యాడు.

రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మనవారిలో కొందరు ఆ చలిలోనూ బూట్లు లేకుండానే ఆడారు. ఈ పరాజయానికి రహీం కుంగిపోలేదు. లోపాలను గుర్తించి జట్టును కొత్తగా తీర్చిదిద్దారు. నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి, సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా కీర్తి గడించింది.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఆరోగ్యం క్షీణించింది. అయినా జట్టు వెంట వెళ్లారు. తొలి పోటీలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో ఓడింది. ఆ తరువాత థాయిలాండ్‌తో ఆడుతుండగా జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. భారత జట్టు పట్టుదలతో ఫైనల్ చేరింది. ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియాయే. స్వర్ణపతకాన్ని తనకు కానుకగా ఇమ్మని రహీం ఆటకు ముందు శిష్యులను కోరినట్లు వారు తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరపడి లేచినవాడు. అయినా ఆయననే గోలు ముందు నిలిపారు. రక్షణపంక్తిలో ఆడే జర్నైల్ సింగ్‌ను, తలకు కట్టుతోనే, దాడిపంక్తికి మార్చారు. సెప్టెంబరు 4న, సుమారు లక్షమంది ప్రేక్షకుల్లో అధికులు మన జట్టుకు వ్యతిరేకంగా కేకలు వేస్తుండగా ఆట మొదలైంది. పి.కె.బెనర్జీ మొదటి గోలు, జర్నైల్ సింగ్ రెండవ గోలు సాధించారు. భారత జట్టు 2-1 తేడాతో విజయం సాధించి గురువు కోరిన కానుకను సమర్పించింది.

ఆ ఆనందం ఎంతోకాలం నిలువలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతూ 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. జకార్తా విజయానికి అప్పటికి తొమ్మిది నెలలే గడిచాయి. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మరొక స్వర్ణపతకం దక్కలేదు.

రహీం తన పేరు కోసం పాటుపడలేదు. దొరికిన బంతిని తోటివారికి అందించినప్పుడే జట్టు గెలుస్తుందని శిష్యులకు నేర్పారు. తన విద్యను, చివరకు తన శక్తిని కూడా ఆ విధంగానే వారికి అందించి వెళ్లారు. ఆటలోనే కాక జీవితంలోనూ విద్యార్థులు ఆయన నుండి నేర్చుకోవలసిన పాఠమిదే.