గోధుమ గింజకు మార్కులు వేసిందెవరు? - ఆల్బర్ట్ హోవర్డ్ జీవితం

మార్కెట్ యార్డుకు వడ్లు తోలిన రైతుకు తరుగు అనే మాటకు అర్థం చెప్పనక్కరలేదు. తేమ ఎక్కువన్నారు, తాలు ఉందన్నారు, మట్టిబెడ్డలు తగిలాయన్నారు, బస్తాకు ఇంతని తీసేశారు. ఆ కోతలో తన కూలి కూడా కొంత పోయిందని ఆ ధాన్యం తూర్పారబట్టిన కూలీకి తెలుసు. అయితే నాణ్యత పేరుతో ధర కోసే ఈ విద్య మన కాలంలో పుట్టింది కాదు, వడ్లతో మొదలైందీ కాదు. నూరేళ్ల కిందటే ఉత్తరాది గోధుమ రైతు దీన్ని లండన్ వర్తకుల చేతిలో చవిచూశాడు. ఆ కథలో ముఖ్యుడు ఆల్బర్ట్ హోవర్డ్. ఇండోర్ పద్ధతి కంపోస్టు ఎరువు అనగానే గుర్తొచ్చే పేరు అది. ఆయన మన దేశంలో ఉన్న కాలంలో పెద్ద భాగం గోధుమ గింజ వెంట తిరిగాడన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఈ వారం మేము దాన్నే చెప్పదలచుకున్నాం.

హోవర్డ్ 1873లో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో ఒక రైతు ఇంట పుట్టాడు. లండన్‌లోనూ, కేంబ్రిడ్జిలోనూ చదివి, వెస్టిండీస్‌లో కొన్నాళ్లు చెరకు తెగుళ్ల పని చూసి, 1905లో వలస ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడిగా బీహార్‌లోని పూసాకు వచ్చాడు. అక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం అప్పుడప్పుడే లేస్తున్నది. ఆ ఏడే గాబ్రియేల్‌ను పెళ్లాడాడు. ఆమె కూడా కేంబ్రిడ్జి శాస్త్రవేత్తే. మొదటినుంచీ పనంతా ఇద్దరూ కలిసే చేశారు, పుస్తకాల మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. కాని ఆమెకు రెండవ వృక్షశాస్త్రజ్ఞురాలి పదవి 1913లో గాని దక్కలేదు. ఆడమనిషి పనికి వెల కట్టడంలో దొరల ఆఫీసు మన కల్లాలకంటే మెరుగ్గా ఏమీ లేదు.

వాళ్లు వచ్చేనాటికి గోధుమ వ్యాపారం ఎలా ఉందో కాస్త చెప్పాలి. 1869లో సూయజ్ కాలువ తెరిచారు, 1873లో గోధుమ మీద ఎగుమతి సుంకం ఎత్తేశారు. రైళ్లు పల్లెల దాకా వచ్చాయి. పంజాబ్ కాలువల కింద పండిన గోధుమ కరాచీ రేవు మీదుగా ఓడలెక్కింది. మన రాయలసీమ ధాత కరువుతో మాడిపోతున్న 1876-78లో కూడా ఈ దేశపు గోధుమ ఇంగ్లండుకు పోతూనే ఉంది.

అక్కడి మిల్లర్లు మన గోధుమను ఒకవైపు మెచ్చుకునేవాళ్లు, ఒకవైపు తిట్టేవాళ్లు. మెచ్చుకోలు ఎందుకంటే మన గింజ ఎండిన గింజ. ఎర్రటి ఎండలో కోసి నూర్చినది గనుక తేమ చాలా తక్కువ. మిల్లులో కడిగి తడిపితే నీరు పీల్చుకుని బరువెక్కుతుంది. ఆ నీటి బరువు కూడా పిండి బరువుతో కలిసి అమ్ముడుపోతుంది. ఆ లాభం మిల్లు యజమానిది, ఎండబెట్టిన రైతుకు దానిలో కానీ రాదు. తేమ ఎక్కువుంటే కోత వేస్తారు గదా, మరి తేమ తక్కువున్నందుకు ఎక్కువిచ్చారా అని అడిగినవాడు లేడు.

తిట్లు మట్టి గురించి. ఇండియా గోధుమలో దుమ్ము, బెడ్డలు, బార్లీ గింజలు ఉంటాయని, ఇక్కడి రైతు మోసగాడని నింద. అసలు గుట్టు బేరంలోనే ఉంది. నూటికి ఇంత కల్తీ ఉంటుందని ముందే లెక్కగట్టి లండన్ వర్తకులు ఒప్పందాలు రాసుకునేవాళ్లు. శుభ్రమైన సరుకు పంపితే ఆ మేరకు పైధర రాదు. అలాంటప్పుడు చేటతో చెరిగి తెచ్చినవాడికి మిగిలేదేమిటి? శుభ్రంగా వచ్చిన సరుకులో కూడా ఒప్పందం అనుమతించినంత మట్టిని వ్యాపారులే పనిగట్టుకు కలిపారు. మట్టిని కూడా గోధుమ ధరకు అమ్ముకోవడానికి అంతకంటే మంచి దారి ఏముంది! ప్రభుత్వం 1880లలో విచారణలు జరిపింది, కాని ఒప్పందం మారడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1907 ప్రాంతంలో మట్టి అసలు ఉండరాదని, వేరే గింజ నూటికి రెండుకు మించరాదని కొత్త షరతు వచ్చింది. అప్పుడు పంజాబ్ కల్లాల్లో ఉన్నపళాన మనుషులు నీతిమంతులయ్యారా? లేదు. రాత మారింది, దానితోపాటు సరుకూ మారింది.

హోవర్డ్ దంపతులు పట్టుకున్నది దీనికంటే లోతైన విషయం. అదే గింజ బలం. గోధుమ పిండి తడిపితే బంకలా సాగే పదార్థం ఒకటుంది, దాన్ని గ్లూటెన్ అంటారు. అది గట్టిగా ఉంటే రొట్టె బాగా పొంగి పెద్దదిగా నిలుస్తుంది. బలహీనంగా ఉంటే చదునుగా కూలబడుతుంది. కెనడా మానిటోబా గోధుమకు ఆ బలం ఉంది, అందుకే దానికి ఎక్కువ ధర. ఇండియా గోధుమ బలహీనమని, మానిటోబాతో కలిపి నింపుకోవడానికే పనికొస్తుందని మిల్లర్ల లెక్క. మన ఇళ్లల్లో చపాతీకి ఆ పొంగుతో పనిలేదు. మన జనం తెల్లటి, మెరిసే గింజను కోరుకుంటారు. అంటే నాణ్యత ఒక్కటే కాదు, ఎవరు తింటారన్నదాన్నిబట్టి అది మారుతుంది. డబ్బున్న కొనుగోలుదారు నోటి రుచే నాణ్యత అయిపోయింది, అదీ అసలు సంగతి.

ఇండియా నేలలో బలమైన గోధుమ పండదనీ, బలం పెరిగితే దిగుబడి తగ్గి తీరుతుందనీ నిపుణుల గట్టి నమ్మకం. హోవర్డ్ దాన్ని నమ్మలేదు. రైతుల పొలాలు తిరిగాడు. అక్కడ ఒక్క చేలోనే పది రకాల కంకులు కనిపించేవి. గోధుమలో శనగో, బార్లీనో కలిపి చల్లేవాళ్లు, ఒకటి పోయినా ఒకటి దక్కుతుందని. తోటి అధికారులు వెనకబాటుతనమని ఈసడించిన ఆ కలగలుపులోంచే మంచి కంకుల్ని ఏరి, వేరువేరుగా విత్తి, స్వచ్ఛమైన రకాలు తీశారు. పూసా 4, పూసా 12 అలా వచ్చినవే. కొత్త విత్తనమని కీర్తించిన దాని తల్లివేరు పేరు తెలియని రైతుల చేలల్లోనే ఉంది. 1909లో దంపతులిద్దరూ ఇండియా గోధుమ మీద పెద్ద గ్రంథం అచ్చువేశారు.

గింజ మంచిదని పూసాలో కూచుని చెబితే లండన్ వినదు గదా. అందుకని నమూనా మూటలు కట్టి ఇంగ్లండులోని వేబ్రిడ్జి మిల్లు యజమాని హంఫ్రీస్‌కు పంపారు. ఆయన వాటిని మరపట్టి, రొట్టెలు కాల్చి, మానిటోబా పక్కన పెట్టి మార్కులు వేశాడు. పూసా రకాలు బలమైన గోధుమలని తేలింది. అంతటితో ఆగక, ఒకే రకాన్ని వేరువేరు చోట్ల పండించి పంపారు. వానాకాలంలో నీరు నిలిచి నేల ఊపిరాడక పోయిన చోట దిగుబడీ, గింజ నాణ్యతా రెండూ దెబ్బతిన్నాయి. మురుగు తీసి బాగా దున్నిన చోట రెండూ పెరిగాయి. అంటే దిగుబడికీ నాణ్యతకూ పగ లేదు. నాణ్యత విత్తనంలో కొంత, నేలలో పడిన చాకిరీలో కొంత. ఆ చాకిరీ చేసేది ఎవరో మేము చెప్పనక్కరలేదు. పూసా 4 గింజకు 1916 నుంచి 1920 దాకా అంతర్జాతీయ ప్రదర్శనల్లో పలుమార్లు బహుమతులు వచ్చాయి.

మరి రైతుకు ధర వచ్చిందా? ఇక్కడ హోవర్డ్‌కూ ఒక నిజం తట్టింది. ఊళ్లో ఇద్దరు మంచి రకం వేస్తే షావుకారు దాన్ని అందరి సరుకుతో కలిపి రాశిపోస్తాడు, ధర మాత్రం పాతదే ఇస్తాడు. ఒక ప్రాంతమంతా ఒకే రకం పండించి, ఓడ నిండేంత ఒకేమాదిరి సరుకు చూపితేనే మార్కెట్టు గుర్తిస్తుంది. ఆయన ఇంతవరకు సరిగ్గానే చెప్పాడు. అయితే అప్పుకు పంట ముందే తాకట్టుపడ్డ రైతు కల్లం దగ్గరే గింజ అప్పగించాల్సి వస్తుందనీ, పైధర వచ్చినా అది వడ్డీవాడి ఖాతాలో పడుతుందనీ ఆయన లెక్కలో బరువుగా లేదు. రైతులే తన గురువులని నిజాయితీగా ఒప్పుకున్న మనిషి ఆయన. ఆ గురువుల మెడ మీద ఉన్న అప్పూ, కౌలూ, శిస్తూ గురించి మాత్రం సామ్రాజ్యపు ఉద్యోగి గనుక తక్కువ మాట్లాడాడు. ఇది మా అభిప్రాయం.

కొనేవాడి అవసరాన్నిబట్టి కొలబద్ద ఎంత సాగుతుందో తెలియాలంటే అంత వెనక్కి పోనక్కరలేదు. 2022లో ఎండలకు పంజాబ్, హర్యానాల్లో గోధుమ గింజ ముడుచుకుపోయింది. గోధుమ కావాలి గనుక, ముడుచుకున్న, విరిగిన గింజల హద్దును కేంద్రం నూటికి 6 నుంచి 18కి పెంచి, ధర కోయకుండా కొన్నది. 2023లో వానలకు పంట దెబ్బతింటే మళ్లీ 18 దాకా ఒప్పుకుంది గాని, ఈసారి క్వింటాలుకు 5 రూపాయల 31 పైసల నుంచి 31 రూపాయల 87 పైసల దాకా కోత పెట్టింది. హద్దు అదే 18, ఒక ఏడు కోత లేదు, మరుసటేడు ఉంది.

పూసాలో ఎవరి శాఖ వాళ్లది, ఒకరి గీత ఒకరు దాటరాదు. మొక్కను ముక్కలుగా చూసే ఆ పద్ధతితో విసిగి హోవర్డ్ దంపతులు 1924లో ఇండోర్ వెళ్లారు. కంపోస్టు పని అక్కడే జరిగింది. 1930లో గాబ్రియేల్ మరణించింది, మరుసటేడు ఆయన ఇంగ్లండు వెళ్లిపోయాడు. అప్పటికి ప్రపంచ మాంద్యంలో గోధుమ ధర కుప్పకూలింది. పంజాబ్ గోధుమ రైలు కిరాయి కంటే ఓడ కిరాయి చవక గనుక కలకత్తా పిండి మిల్లులు ఆస్ట్రేలియా గోధుమ దించుకుంటున్నాయి. ఒకప్పుడు లండన్‌కు రొట్టె పెట్టిన దేశంలో 1931లో గోధుమ దిగుమతి మీద సుంకం వేయాల్సి వచ్చింది. బహుమతులు గెలిచిన గింజ ఇక్కడే ఉంది, కొనేవాడే లేడు.

1934లో ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు. 1947 అక్టోబరులో, మనకు స్వాతంత్ర్యం వచ్చిన రెండు నెలలకు, ఇంగ్లండులో చనిపోయాడు. పూసా 4 అప్పటికీ పొలాల్లో ఉంది, తర్వాతి రకాల సంకరాల్లో తల్లిమొక్కగా నిలిచింది.