వెలుగుతో వైద్యము చేసిన ఫిన్సెన్

మేడ్చలు, శామీరుపేట పొలములలో వేసవి మధ్యాహ్నమున పశువులు చెట్టునీడకు చేరుట మీరెఱిగినదే. ఐరోపా ఉత్తరమున నున్న డెన్మార్కులో సూర్యుడు శీతకాలమందు చుట్టపుచూపుగా వచ్చును. అచట నీడకంటె ఎండయే ప్రియము. కోపెన్‌హేగెను నగరమున నొక యువకుడు తన కిటికీనుండి ఒక పిల్లిని చూచెను. ఇంటికప్పుపై పండుకొనిన ఆ పిల్లి, నీడ సోకినప్పుడెల్ల లేచి ఎండలోనికి జరుగుచుండెను. ఆ యువకుడే నీల్స్ ఫిన్సెన్.

ఆయన 1860 డిసెంబరు 15వ తేదీన ఫారో దీవులలో జన్మించెను. ఐస్‌లాండులో చదివి, 1890లో కోపెన్‌హేగెనులో వైద్యపట్టము పొందెను. అప్పటికే మానని వ్యాధి యొకటి ఆయనను పట్టుకొనియుండెను. ఎండ తగిలిన తనకు మేలు కలుగునని ఆయనకు తోచెను.

ఆయన తోచినదానితో తృప్తిపడువాడు కాడు. తన ముంజేతిపై సిరాతో పట్టీ పూసి ఎండలో నుంచెను. చుట్టునున్న చర్మము కంది, పిమ్మట నల్లబడెను. సిరా క్రిందిది తెల్లగనే నిలిచెను. సిరా కడిగి మరల ఎండలో నుంచగా, ఈసారి ఆ తెల్లని పట్టీయే కందెను. చర్మమును కందించునది ఎండలోని వేడిమి కాదు, నీల, అతినీలలోహిత కిరణములు. నల్లదనము చర్మము పట్టుకొను గొడుగు. నాట్లు వేయువారి వీపులను చూచినవారికి ఇది వింత కాదు.

హాని చేయు వెలుగు మేలును చేయదా? ఆ కాలమున చర్మమునకు సోకు క్షయ ముక్కును, చెక్కిళ్లను తినివేసెడిది. రోగులు నలుగురిలోనికి రాలేక ముఖము దాచుకొని బ్రతికెడివారు. 1895లో ఫిన్సెన్ అట్టి రోగియగు నొక ఇంజనీరుకు విద్యుద్దీపపు వెలుగుతో చికిత్స ఆరంభించెను. స్ఫటికపు కటకములు వెలుగును ఒకచోటికి చేర్చును. నడుమనున్న నీరు వేడిమిని హరించును. రక్తము వెలుగును లోనికి పోనీయదు గనుక, నర్సు స్ఫటికపు బిళ్లతో చర్మమును అదిమి పట్టవలెను. ఇట్లు దినమునకు ఒక గంట. ఎంతటి ఓపిక! కొన్ని నెలలకు ఇంజనీరు ముఖము బాగుపడెను.

1896లో ఫిన్సెన్ పేర వైద్యసంస్థ వెలసెను. 1900లో అలెగ్జాండ్రా అట్టి దీపమును లండను ఆసుపత్రికి బహూకరించెను. మశూచికి ఎఱ్ఱని వెలుగు మంచిదని ఆయన చెప్పినది మాత్రము తరువాతి పరీక్షలలో నిలువలేదు. క్షయకు మందులు వచ్చిన పిదప ఆ దీపములును మూలబడెను. అయినను నేడు పసిపిల్లల కామెర్లకు నీలికాంతియు, బొల్లికి, సోరియాసిస్‌కు అతినీలలోహిత కాంతియు వాడుచున్నారు.

1903లో నోబెల్ బహుమానము లభించినప్పుడు ఆయన ప్రయాణము చేయలేని స్థితిలో నుండెను. బహుమానధనములో కొంత తన సంస్థకే యిచ్చెను. తాను తిను ఉప్పును, త్రాగు నీటిని తూచి లెక్క వ్రాసుకొనుచు, దేహములో ఉప్పు నిలిచిపోవుటను గూర్చి 1904లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆ యేడే సెప్టెంబరు 24వ తేదీన, 43 ఏండ్ల వయస్సున, మరణించెను.