కాచిగూడ బడి నుంచి జకార్తా దాకా రహీం సాబ్

ఆసియా క్రీడల్లో మన దేశం ఫుట్‌బాల్‌లో రెండే రెండుసార్లు స్వర్ణ పతకం గెలిచింది. ఒకటి 1951లో ఢిల్లీలో, రెండోది 1962లో జకార్తాలో. రెండుసార్లూ జట్టుకు శిక్షణ ఇచ్చిన మనిషి ఒక్కరే. ఆయన హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు.

రహీం 1909 ఆగస్టు 17న పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టులో ఆడారు. ఆ తర్వాత నగరంలోని కమర్ క్లబ్బు తరఫున ఆడారు. కాచిగూడ మిడిల్ స్కూలులో పంతులుగా చేరి, తర్వాత మరికొన్ని బడుల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా సంపాదించారు. పిల్లలకు పాఠం చెప్పడం అలవాటైన మనిషి కావడం వల్లనే కాబోలు, ఆటను కూడా ఆయన పాఠంలాగే మొదటి అక్షరం నుంచి నేర్పించారు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం 1939లో ఏర్పడింది. కొన్నేళ్లకే దాని కార్యదర్శి బాధ్యత రహీం చేతికి వచ్చింది. 1963లో కన్నుమూసే వరకు ఆ బాధ్యత ఆయనదే. ఇటువంటి సంఘాల కార్యదర్శి పని ఎలా ఉంటుందో ఊళ్లో ఆటలపోటీలు పెట్టిన ప్రతివారికీ తెలుసు. మైదానం దొరకాలి, రిఫరీ రావాలి, ఓడిన జట్టు పేచీ తీర్చాలి, బంతి పగిలితే ఇంకో బంతి చూడాలి. ఆటను నమ్ముకుని జీతం తీసుకునే వాళ్లు ఆనాడు లేరు. పోలీసు శాఖలోనో, మరో కొలువులోనో ఉంటూ ఆడినవారే అందరూ.

రహీం చేసిన అసలు పని మాత్రం చిన్న పోటీల్లో ఉంది. మన కుర్రాళ్లకు బంతి దొరికితే చాలు, కాలికి అంటించుకుని నలుగురిని తప్పించి పోవాలన్న ఉబలాటం. చూసేవారు ఈలలు వేస్తారు, గోలు మాత్రం పడదు. ఈ జబ్బుకు మందుగా ఆయన ఒక పోటీ పెట్టారు. అందులో బంతిని వెంట తీసుకుపోకూడదు, అందిన వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాడు ఎడమకాలితో తంటాలు పడుతుంటే చూడడానికి నవ్వుగానే ఉంటుంది. కాని ఏడాది తిరిగేసరికి వాడికి రెండు కాళ్లూ పనికొచ్చేవి. పిల్లలకు ఎత్తు కొలిచి ఆడించే పోటీలు కూడా ఉండేవి. చాలా ఇళ్లలో పుట్టిన తేదీ రాసిపెట్టుకోని ఆ రోజుల్లో వయసు కంటే ఎత్తే నమ్మకమైన లెక్క.

1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడు మొదలుకుని 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. 1956, 1957 సంవత్సరాల పోటీల్లో హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది.

సికిందరాబాదు శివారు అమ్ముగూడలో పేదింటి కుర్రవాడు తులసీదాస్ బలరాం ఆట రహీం కంట పడింది. శిక్షణకు నగరానికి రమ్మంటే రావడానికి కుర్రవాడి దగ్గర డబ్బులు లేవు. అద్దె సైకిలు ఖర్చు రహీమే ఇచ్చి రప్పించుకున్నారు. ఆ బలరాం 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదు ఆటగాళ్లు కూడా ఆ జట్టులో ఉన్నారు. ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను మనవాళ్లు 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచారు.

అంతా గెలుపే కాదు. 1952లో హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే చలిలో ఆడారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. వట్టికాళ్ల ఆటకు అలవాటుపడ్డ వారికి బూట్లతో ఆడడం కూడా మళ్లీ మొదటి నుంచి నేర్పవలసి వచ్చింది.

జకార్తాకు వెళ్లేనాటికి రహీం ఆరోగ్యం బాగా లేదు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో గెలిచింది. పోటీల మధ్యలో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వెనుక వరుసలో అడ్డుకునే ఆటగాడతను. ఆ స్థితిలో ఇంట్లో కూర్చోబెట్టవలసిన మనిషిని రహీం ముందు వరుసకు పంపారు. సెప్టెంబరు 4న ఫైనల్లో ఎదురుపడ్డది మళ్లీ ఆ దక్షిణ కొరియాయే. క్రీడల్లో కొన్ని దేశాలను రానీయకపోవడంపై తలెత్తిన వివాదంలో అక్కడి జనం భారత్ మీద మండిపడుతున్నారు. సుమారు లక్షమంది గోల చేస్తుండగా పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్లు పడ్డ తలతో ఆడిన జర్నైల్ సింగ్ మరో గోలు చేశారు. భారత్ 2-1తో గెలిచింది. బలరాం, యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోని హైదరాబాదు ఆటగాళ్లు.

ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న క్యాన్సర్‌తో రహీం మరణించారు. ఆయన కుమారుడు ఎస్.ఎస్. హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు, తర్వాత అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకున్నారు. రహీం పోయిన రెండేళ్లకు, 1965లో, ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు 1970లో కాంస్యం దక్కింది గాని, జకార్తా తర్వాత స్వర్ణం మళ్లీ రాలేదు.