తత్త్వబోధక స్వామి వదిలిపోయిన గోడ

క్రైస్తవంలో కులం లేదనే మాట సిద్ధాంతంగా నిజం. క్రైస్తవుల్లో కులం ఉందనే మాట అనుభవంగా నిజం. ఈ రెండు నిజాల మధ్య దూరం ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలంటే నాలుగు శతాబ్దాల కిందట మదురైలో కాషాయం ధరించి జీవించిన ఒక ఇటలీ దేశస్థుని చరిత్ర చూడాలి. ఆయన పేరు రాబర్టో డి నొబిలి. తమిళ క్రైస్తవులు ఆయనను తత్త్వబోధక స్వామిగా స్మరిస్తారు.

నొబిలి 1577లో ఒక ఉన్నత ప్రభు వంశంలో జన్మించారు. పోపులతోనూ కార్డినళ్లతోనూ బంధుత్వం ఉన్న కుటుంబం అది. ట్రెంట్ మహాసభ (1545-1563) చేసిన సంస్కరణలను కతోలిక శ్రీసభ ఒక్కొక్కటిగా ఆచరణలోకి తెస్తున్న కాలంలో ఆయన పెరిగారు. ఆస్తిని, హోదాను వదులుకొని యేసు సభలో చేరారు. 1605లో గోవాకు, మరుసటి సంవత్సరం మదురైకి వచ్చారు.

అప్పటి మదురైని పాలిస్తున్నది తెలుగు మూలాలున్న నాయక రాజులు. గొన్సాలో ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు జెసూటు అక్కడ పదేళ్లకు పైగా పనిచేస్తున్నా, తీరం నుంచి వచ్చిన పరవ క్రైస్తవులకు సేవ చేయడం మినహా కొత్తవారు ఎవరూ మతంలోకి రాలేదు. క్రైస్తవమంటే పరంగుల మతమని, పరంగులంటే మాంసం తిని మద్యం తాగే అంటరానివారని స్థానిక అగ్రకులాలు భావించాయి. మతాన్ని తిరస్కరించడానికి కారణం వేదాంతం కాదు, కులం.

ఈ అడ్డంకిని తొలగించడానికి నొబిలి తన జీవితాన్నే మార్చుకున్నారు. తాను పరంగిని కానని, రోమ్ దేశపు రాజవంశీయుడినని చెప్పుకున్నారు. తరువాత సన్యాసి వేషం స్వీకరించారు. మాంసం మానేశారు. బ్రాహ్మణ వంటవాణ్ణి పెట్టుకున్నారు. ఫెర్నాండెజ్ నివాసానికి దూరంగా, అగ్రకులాలవారు రాగలిగిన చోట వేరే ఇల్లు, వేరే ప్రార్థనాలయం కట్టుకున్నారు. శివధర్మ అనే తెలుగు బ్రాహ్మణ పండితుని వద్ద సంస్కృతం చదివారు. ఆ గురువే కొంతకాలానికి శిష్యుని చేతిమీదుగా జ్ఞానస్నానం పొందారు. నొబిలి తెలుగు కూడా నేర్చుకున్నారు. తమిళంలో గ్రంథాలు రచించారు. కొత్తగా చేరినవారు జంధ్యం, పిలక, చందనం వదులుకోనక్కరలేదని అనుమతించారు. అవి మతచిహ్నాలు కావు, సామాజిక హోదాకు గుర్తులు మాత్రమేనన్నది ఆయన వాదన.

ఆ వాదనలో బలం ఉంది. క్రైస్తవుడు కావడానికి ఐరోపావాడు కానక్కరలేదని చెప్పడం ఆనాటికి గొప్ప సాహసం. వలస అధికారం నీడలో నడుస్తున్న మతప్రచారాన్ని ఆయన ఆ నీడ నుంచి బయటికి తెచ్చారు. అయితే పోర్చుగీసు గర్వాన్ని తిరస్కరించిన ఆ మేధావి స్థానిక గర్వాన్ని తిరస్కరించలేదు. జంధ్యం హోదా చిహ్నం మాత్రమే అయితే, ఆ హోదా ఎవరిని తొక్కి నిలబడిందన్న ప్రశ్న వెంటనే రావాలి. ఆ ప్రశ్నకు ఆయన వ్యవస్థలో చోటు దొరకలేదు.

ఫెర్నాండెజ్ 1610లో పై అధికారులకు ఫిర్యాదు చేశారు. వివాదం గోవాకు, అక్కడినుంచి రోమ్‌కు చేరింది. 1619లో గోవాలో జరిగిన సమావేశంలో ఆర్చిబిషప్పుతో సహా పలువురు నొబిలిని వ్యతిరేకించారు. చివరకు 1623 జనవరి 31న పోపు 15వ గ్రెగరీ తీర్పు ఇచ్చారు. మూఢాచారం కలవకుండా చూసుకోవాలన్న షరతులతో జంధ్యాన్ని, పిలకను, చందనాన్ని, స్నానాచారాలను అనుమతించారు. నొబిలి గెలిచారు.

ఆ తీర్పులోనే మరో భాగం ఉంది. వంశగౌరవం ఉన్న క్రైస్తవులు తక్కువగా చూడబడేవారిని తృణీకరించరాదని, ఒకే దేవాలయంలో వారితో కలిసి దైవవాక్కు వినాలని, దివ్య సంస్కారాలు కలిసి స్వీకరించాలని పోపు ప్రాధేయపడ్డారు. అనుమతి వెంటనే అమలైంది, అభ్యర్థన కాగితం మీదే ఉండిపోయింది. సంస్కరణల చరిత్రలో తరచూ కనిపించే తీరు ఇది. ఉన్నవారికి సౌకర్యం కల్పించే వాక్యం చట్టమవుతుంది. లేనివారికి న్యాయం కోరే వాక్యం ఉపదేశంగా మిగులుతుంది.

1640లో మదురై మిషన్ ఈ విభజనకు శాశ్వత రూపం ఇచ్చింది. అగ్రకులాలకు సన్యాసి వేషంలోని గురువులు, అణగారిన కులాలకు పండారస్వాములనే మరో తరగతి గురువులు ఏర్పడ్డారు. బల్తజార్ డకోస్టా ఆ కొత్త మార్గంలో ముందుగా నడిచారు. పండారస్వాముల సేవవల్ల వేలాది పేదలు శ్రీసభలోకి వచ్చారు. సంఖ్యలో వారే అధికులయ్యారు. అయినా ఒకే మతంలో రెండు ద్వారాలు వెలిశాయి. నొబిలి అదే ఏడాది కారాగారవాసం అనుభవించారు. చూపు మందగించిన వృద్ధాప్యంలో మదురైకి దూరంగా గడిపి, 1656లో మైలాపూరులో కన్నుమూశారు.

ఆయన పోయినా వ్యవస్థ పోలేదు. 18వ శతాబ్దారంభంలో పుంగనూరు, కృష్ణాపురం ప్రాంతాలకు వచ్చిన ఫ్రెంచి జెసూట్లు మదురై నమూనానే తెలుగు నేలకు తెచ్చారు. గుంటూరు ప్రాంతపు రెడ్డి, కమ్మ కతోలిక కుటుంబాల మూలాలు ఆ కర్ణాటక మిషన్‌లోనే ఉన్నాయి. ఇంతలో 1704లో పోపు ప్రతినిధి టుర్నాన్ పుదుచ్చేరిలో కఠినమైన ఉత్తర్వు జారీ చేశారు. పరయర్లలో రోగులకు వారి ఇళ్లకే వెళ్లి దివ్య సంస్కారాలు ఇవ్వాలన్నది అందులో ఒక ఆజ్ఞ. అంతకుముందు గురువులు ఆ గుమ్మాలు తొక్కేవారు కాదన్న సంగతి ఆ ఒక్క ఆజ్ఞతోనే తెలుస్తుంది. నలభై ఏళ్ల వాదోపవాదాల తరువాత 1744లో పోపు 14వ బెనెడిక్ట్ ఆ ఉత్తర్వును స్థిరపరిచారు. కానీ పరయర్లకు ప్రత్యేక గురువులను నియమిస్తామన్న జెసూట్ల ప్రతిపాదనను అంగీకరించారు. ఆజ్ఞ నిలిచింది, వేర్పాటూ నిలిచింది.

ఆ వేర్పాటు తరువాత ఇటుకల రూపం ధరించింది. తిరునెల్వేలి ప్రాంతంలోని వడక్కన్‌కుళంలో ఒకే బలిపీఠం వద్ద కలిసే రెండు శాఖలుగా దేవాలయం కట్టి, కులాలను గోడతో విడదీశారు. 1910లో ఆ గోడ తొలగించినప్పుడు అగ్రకుల క్రైస్తవులు ప్రత్యేక స్థానం తమ హక్కని కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. కలిసి ప్రార్థించమని పోపు ప్రాధేయపడిన నాటినుంచి ఆ గోడ కూలేనాటికి 287 ఏళ్లు గడిచాయి.

ద్వితీయ వాటికన్ మహాసభ 1965లో ప్రతి రకమైన వివక్షను దైవసంకల్పానికి విరుద్ధమని ప్రకటించింది. భారత కతోలిక బిషప్పుల సమాఖ్య దళితుల సాధికారత కోసం ప్రత్యేక విధానాన్ని 2016లో మాత్రమే తేగలిగింది. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్పు పూల అంతోని తొలి దళిత కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ ఆయనే మొదటివారు. ఇది ఆనందించదగిన ఘట్టం. శ్రీసభలో దళితులు అధిక సంఖ్యలో ఉన్న దేశంలో ఆ స్థానం దక్కడానికి ఇంతకాలం పట్టడం ఆలోచించదగిన విషయం.

రాజ్యం కూడా నిర్దోషి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, 1956, 1990 సవరణల తరువాత కూడా, దళిత క్రైస్తవులను ఎస్సీ జాబితాకు బయటే ఉంచింది. క్రైస్తవంలో కులం లేదన్నది దానికి చూపే కారణం. ఆ కారణాన్ని ఖండిస్తూ కులం ఉందని వాదించే శ్రీసభ, తన విచారణల్లో, శ్మశానాల్లో, గురువిద్యాలయాల్లో ఆ కులాన్ని తొలగించే బాధ్యతను అంతే గట్టిగా స్వీకరించాలి. ఢిల్లీని అడిగే న్యాయాన్ని ముందు తన ముంగిట్లో చూపించాలి.

నొబిలిని దోషిగా నిలబెట్టడం సులభం. ఆయన కాలం ఆయనది, త్యాగం నిజమైనది. అయితే సంస్కరణను పైనుంచి మొదలుపెడితే అది తనంతట కిందికి దిగుతుందన్న ఆయన నమ్మకం తప్పని నాలుగు శతాబ్దాలు నిరూపించాయి. ఏ సంస్థ సంస్కరణనైనా అది జారీ చేసిన పత్రం తేదీతో కొలవరాదు. దేవాలయంలో చివరి వరుసలో నిలబడిన మనిషి ముందు వరుసలోకి ఎప్పుడు వచ్చాడన్నదే దాని అసలు తేదీ.